తప్పు పుస్తకంలోకెక్కిన కాక

విమానం రెక్కలు మొదటినుంచీ రేకుతోనే చేశారని నేను నలభై ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోక పందెం కూడా కాశాను. అదీ ఎవరితో? మగ్గాల మధ్య పుట్టి, మగ్గాల మధ్యే చెవుడు తెచ్చుకున్న మనిషితో. నేను పుట్టి పెరిగిన, బొంబాయి పక్కనున్న భివండీలో కిటికీ తెరిస్తే నూలు దుమ్ము, మూస్తే మగ్గాల మోత. ఏ వస్తువు కంటబడినా ముందు ఇది బట్టేమో అని అనుమానించాల్సిన ఊరు మాది. ఆ ఒక్క అనుమానమే నాకు రాలేదు. ఇది నా చిన్న తెలివితక్కువతనం. పెద్దది వేరే ఉంది, దాని వంతు వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

నాగావ్ నుంచి శాంతి నగర్ పోయే దారిలో నాకొక జెరాక్స్ దుకాణం ఉంది. 'అన్ని రకాల ఫారాలు నింపబడును' అని మూడు భాషల్లో బోర్డు, మూడింటిలోనూ తలా ఒక తప్పు. నింపడం వరకే నా పని. అవి నిలుస్తాయా కూలుతాయా అన్నది పై ఆఫీసుల పని. రోజంతా నకళ్ళు తీసేవాడికి అసలు తెలిసి తీరాలన్న నియమం ఎక్కడా లేదు కదా.

ఆ దుకాణానికి ప్రతి శుక్రవారం కాక వచ్చేవాడు. శుక్రవారం మా ఊళ్ళో మగ్గాలకు సెలవు. ఆ ఒక్కరోజు ఊరికి చెవులు తిరిగొస్తాయి, కాకకు మాత్రం రాలేదు. కాక అంటే మాకు చిన్నాన్న, మరాఠీవాళ్ళకూ చిన్నాన్నే. అందువల్ల ఒక్క పిలుపుతో సగం ఊరికి చుట్టమైపోయాడు. అసలు పేరు నాకు ఎన్నో ఏళ్ళు తెలియదు. తెలిసిన రోజు మంచిది కాదు కనుక ఇక్కడ కూడా రాయను.

పనికి జాబర్. మగ్గం నడిపేవాడు వేరు, నడవనని మొండికేసిన మగ్గాన్ని బుజ్జగించి దారికి తెచ్చేవాడు జాబర్. కాక చేతిలో ఎప్పుడూ ఒక పానా, చొక్కా జేబులో నూలు పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఉండేవి. ఎదురుగా ఎవరు నిలబడినా పలకరింపు కంటే ముందు వాళ్ళ చొక్కా అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపేవాడు. "గిది మన దగ్గరిది గాదు" అనో, "నాడె సరిగ్గ దెబ్బ వడలే" అనో తేల్చాకే మనిషి ముఖం చూసేవాడు. నాడె అంటే అడ్డపోగును మోసుకుపోయే కొయ్యముక్క. ఒకసారి ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి కండువాను అలాగే నలిపి, "పల్చగున్నది" అన్నాడు. కండువాను అన్నాడో మనిషిని అన్నాడో ఆ పెద్దమనిషికి తేలక, కాసేపు నవ్వి, పక్క వీధికి పోయాడు.

చెవుడు గురించి ఒక హెచ్చరిక. మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళు మాటను పెదవుల మీద చదువుతారు. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను అటు తిరిగి నెమ్మదిగా, "వచ్చిండు ముసలాయన, ఇగ పొద్దంతా గోల్" అని గొణిగాను. "పొద్దంత ఉండ, అర్ధగంటల వోత" అని వెనకనుంచి జవాబు వచ్చింది. నా ఎదురుగా బీరువా అద్దం ఉంది. ఆ రోజునుంచీ కాక వచ్చినప్పుడు మనసులో కూడా పెదవులు మూసుకునే తిట్టుకునేవాణ్ణి.

మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చింది ఒక అచ్చు కాగితం. ఎక్కడో కొన్న పాత విడిభాగాల పెట్టెలో, ఇనుము రాసుకోకుండా నలిపి కుక్కిన కాగితమట. చాలా ఏళ్ళు దాచుకున్నాడు. అందులో గళ్ళు గళ్ళుగా ఇంగ్లీషు. అది మరో దేశపు సర్కారు వాళ్ళ విమానాల రిజిస్టరులో ఒక పుట, విమానాలు కొత్తగా పుట్టిన రోజులది. ఒక్కో విమానానికి ఒక్క వరస. దాని గుర్తు, చేసినవాడు, యజమాని, రాసుకున్న తేదీ, చివర రద్దయిన తేదీ, రద్దుకు కారణం. పక్కన చిన్న బొమ్మ ఒకటి. కాక ఆ బొమ్మ మీద భూతద్దం పెట్టి, "రెక్కలకు నేత కనవడుతున్నదా సదువుకున్నాయనా?" అని అడిగాడు. చదువుకున్నాయనను నేనే. ఆ మాటలోని వెటకారం నాకు అర్థం కావడానికి కూడా చదువు చాలలేదు.

రేకు, కాకా, రేకు అన్నాను. కాక తల అడ్డంగా ఊపాడు. ఇంకేం, పందెం. నేను ఓడితే బతికున్నన్నాళ్ళు ప్రతి శుక్రవారం ఒక పుట చదివి చెప్పాలి. ఎవరు బతికున్నన్నాళ్ళో ఇద్దరం చెప్పుకోలేదు. కంప్యూటరులో వెతికిన ఐదు నిమిషాల్లో ఓడిపోయాను. తొలి విమానాల రెక్కలకు నూలు బట్టే. అందులో ఒకటి ఆడవాళ్ళ లోపలి బట్టలకు వాడే రకమని చదివి నేను కొంచెం సిగ్గుపడుతుంటే, కాక మాత్రం వెంటనే అది ఎంత పోగు బట్టో అడిగాడు. బట్ట బిగుసుకోవడానికి పైన ఏదో మందు పూసేవాళ్ళని చదివాను. "గంజి వెట్టిండ్రు" అని తేల్చేశాడు. బట్టను నిలువుగా కాకుండా మూలకు తిప్పి కుట్టేవాళ్ళని చదివాను. అప్పుడు మాత్రం లేచి నిలబడి చేతులతో గాలిలో ఆ బట్టను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "తెలివిగల్లోల్లు" అని కూర్చున్నాడు. ఆ చదువంతా చదివిన నన్ను ఆయన ఏనాడూ ఆ మాట అనలేదు.

తర్వాత తెలిసింది, ఇప్పుడు చాలా దేశాల సర్కార్లు ఆ పాత రిజిస్టర్లను ఫొటోలు తీసి అందరికీ కనబడేలా పెట్టాయని. కాకకు పండగ, నాకు పందెం. శుక్రవారానికో పుట అచ్చు తీసి, గళ్ళు వరసగా తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన వినడు, చూస్తాడు, నా పెదవుల వంక. సముద్రాన్ని దాటి పేరు మోసిన విమానం ఒకటి ఒక రోజు తగిలింది. దాని వరస ఎంతుంది అని అడిగాడు. అన్నిటికీ ఉన్నంతే, ఒక్క వరస అన్నాను. దాని కింద, ఎగిరిన వారానికే పొలంలో కూలిపోయిన అనామకపు విమానం. దానికీ అంతే, ఒక్క వరస. కాక రెండు వరసల మీదా వేలు పెట్టాడు. "మంచి పుస్తకం. పేరున్నదానికి రెండు గీతలు గీయలే" అన్నాడు.

కాగితం చేతికివ్వగానే ముందు చూసేది అంచులు. జెరాక్స్ మిషన్ అప్పుడప్పుడు ఒక పక్క వేలెడంత మింగుతుంది. ఎవరూ పట్టించుకోరు, కాక పట్టుకునేవాడు. "అంచు వోయిన బట్టను ఎవలన్న గొంటరా?" అని తిరగ్గొట్టేవాడు. తీరా చూస్తే ఆ అంచుల్లోనే ఎవరో గుమాస్తా పెన్సిలుతో రాసినవి ఉండేవి. యజమాని ఊరు మారాడని, బట్ట మార్చారని, మంటల్లో పోయిందని. ఒక బొమ్మలో రెక్క దగ్గరగా కనబడితే భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టబోయాడు. నా మిషన్ వేసిన నల్లచుక్కలే కనబడ్డాయి. "నీ మిషన్‌ది గూడ పల్చటి నేతే" అని ఆ భూతద్దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు.

కాక ఏనాడూ విమానం ఎక్కలేదు. బొంబాయిలో దిగే విమానాలు మా నెత్తిమీదుగా పోతున్నా తలెత్తి చూసేవాడు కాదు. అవి రేకువి. ఆయన ఎరిగిన ఎగిరే వస్తువు నాడె ఒక్కటే. మగ్గంలో అటూ ఇటూ కొట్టుకుంటూ పోవాల్సిన నాడె ఒకసారి దారి తప్పి ఎగిరొచ్చి కనుబొమ్మ మీద దిగింది. ఆ మచ్చను చూపించి, తన రిజిస్టరులో ఇదొక్కటే కూలుడు అనేవాడు.

అసలు ఇష్టం రెండో పుస్తకం మీద. ఆ కాలంలో విమానాలకొక పుస్తకం, నడిపేవాళ్ళకొక పుస్తకం ఉండేవి. రెండో దాంట్లో మనిషికొక కార్డు. ఫొటో, పుట్టిన ఊరు, ఏ విమానం మీద పరీక్ష నెగ్గిందీ, వృత్తి. ఆ వృత్తి గడి దగ్గర కాక ముందుకు వంగేవాడు. ఒకాయన జమీందారు, ఒకాయన సిపాయి, ఒకామె ఆఫీసులో టైపు కొట్టే మనిషి. ఒకాయనది చదివి, 'మిస్త్రీ, కాకా, ఇంజన్లు బాగుచేసేవాడు' అన్నాను. చొక్కా నలిపినట్టే ఆ కాగితం మూలను నలిపాడు. "ఇగో, మనోడు" అన్నాడు. ఆ పుట ఇంటికి తీసుకుపోయి గోడకు అంటించాడని చిన్నమ్మ చెప్పింది. చిన్నమ్మ అంటే కాక భార్య. దేవుడి పటం పక్కన దొరవారి మీసాలేందని ఆమె ఫిర్యాదు.

ఇక నా పెద్ద తెలివితక్కువతనం.

నేతపనివాళ్ళకు సర్కారు గుర్తింపు కార్డులు ఇస్తున్నారని ఊళ్ళో మాట వచ్చింది. కాక ఆ శుక్రవారం విమానం పుట అడగలేదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో వచ్చి, తనకొక కార్డు తీయమన్నాడు. దేనికి కాకా, నీకు పని మానే వయసు వచ్చింది అన్నాను. గోడ మీద మిస్త్రీ దొర పక్కన జాగా ఉందన్నాడు. ఫొటో, ఊరు, వృత్తి. అంతే కావాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే కార్ఖానాలో పనిచేశాడు. ఆ కార్ఖానాలో ప్రతి మగ్గానికీ నెంబరు ఉంది, ఎప్పుడు కొన్నదీ ఎప్పుడు పాత ఇనుము కింద భంగారుకు వేసిందీ రాసిన చిట్టా ఉంది. మనుషుల చిట్టా మాత్రం లేదు. తానుల లెక్కలన్నీ ఉన్నాయి, తాను ఎక్కడా లేడు.

వివరాలు కంప్యూటరులో కొట్టాను. అప్పుడే ఆయన అసలు పేరు తెలిసింది. పేరు కింద మరో ముక్క వచ్చింది. శాంతి నగర్‌లో ఇరవై నాలుగు మగ్గాల యజమాని.

నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. పక్క టీ దుకాణం వాణ్ణి కేకేసి, కాక సేటయ్యాడు, అందరికీ చాయ్ చెప్పమన్నాను. ఫారాలకు వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఒకాయన సేట్‌జీ నమస్తే అని వంగి దండం పెట్టాడు. కాక అందరి పెదవులూ చదువుతూ, ఒక్కొక్క ముఖం మీదుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏమని ఉన్నది?" అన్నాడు. చెప్పాను.

చాయ్ ముట్టలేదు. అప్పుడు అర్థమైంది ఆయనకు, తర్వాత నాకు. కార్ఖానా పాత సేటు, మా పెద్దవాళ్ళ తెలుగు జిల్లా నుంచే వచ్చినవాడు, ఎప్పుడో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మగ్గాలన్నీ ఒక్క పేరు మీద ఉంటే కరెంటు రేటు పెరుగుతుందని కార్ఖానాను ముక్కలు చేసి, జాబర్ల పేర, మేనల్లుళ్ళ పేర మీటర్లు పెట్టించుకోవడం అప్పట్లో మామూలు. సంతకం పెట్టినవాళ్ళు అది నమ్మకానికి గుర్తనుకునేవాళ్ళు. కాక కూడా అదే అనుకున్నాడు. ఇప్పుడు ఆ నమ్మకమే అడ్డం వచ్చింది. యజమానికి పనివాడి కార్డు రాదు.

"అందుల రద్దు గడి ఉన్నదా?" అని అడిగాడు.

లేదన్నాను.

"విమానం గూలితే గీత గొట్టి, ఎందుకు గూలిందో రాస్తరు. నా పేరుకు గీత గొట్టెటోడు లేడా?"

నేను కంప్యూటరు వైపు చూశాను. ఎంతసేపు చూసినా అందులో నా ముఖమే కనబడింది.

"నన్ను తప్పు పుస్తకంల ఎక్కిచ్చిండ్రు బిడ్డా. మగ్గాలు నడిపిచ్చింది నేను. నావి గావు. వాల్లకు రెండు పుస్తకాలున్నయి గద, నాకు రెండోది గావాలె."

ఆ మాటతో నాలో నింపబడును పోయి నిలబెట్టబడును మొదలైంది. దరఖాస్తు రాశాను. నా జన్మలో ఒక్క తప్పూ లేకుండా రాసిన కాగితం అదే. మూడుసార్లు ఆఫీసుకు వెంట వెళ్ళాను. మూడోసారి అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు, కార్ఖానా యజమాని నుంచి ఈయన మా పనివాడు అని ఒక్క ముక్క తెస్తే తిరగరాస్తామని. పాత సేటు అప్పటికే లేడు. కొడుకు పక్కనే ఉన్న ఠాణా పట్నంలో ఉంటాడు, వారానికోసారి కారులో వచ్చి కార్ఖానా చూసుకుపోతాడు. చిన్న సేటు అంటాం. మంచి కుర్రాడే. కాకను కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఆ ముక్క రాస్తే ఆ షెడ్డంత లఫ్డా అయితది కాకా. నాయిన జేసిండు, నేనేం జేయాలె? సేట్ అనిపిచ్చుకుంటే నీకు నుక్సాన్ ఏంది?"

కాక లేచేముందు చిన్న సేటు చొక్కా అంచు పట్టుకుని నలిపాడు. ఏం తేల్చాడో చెప్పలేదు. దారిలో నేను అడిగితే, బట్ట మంచిదే అన్నాడు.

తర్వాత కూడా శుక్రవారాలు వచ్చాడు. గైబీ నగర్ మీదుగా నడిచి వచ్చేసరికి ఊపిరి అందేది కాదు. ఊపిరితిత్తుల్లో చేరిన నూలుకు లెక్క రాసినవాడు ఎవడూ లేడు. నేను పుటలు తీసేవాణ్ణి. పొరపాటున కూడా కార్డు మాట ఎత్తేవాణ్ణి కాదు. ఆయనే ఒకసారి, యజమానుల గడి మీద వేలు పెట్టి, వీళ్ళలో నడపడం వచ్చినవాళ్ళు ఎందరు అని అడిగాడు. తెలియదన్నాను. "రెండో పుస్తకంల జూడు" అన్నాడు. చివరిగా చెప్పిన పుటలో ఒక విమానానికి రద్దు కారణం గడి ఖాళీగా ఉంది. ఏమైందో ఎవరూ రాయలేదు. కాకకు అది నచ్చలేదు. వచ్చే వారం వెతికిపెట్టమన్నాడు. నేను వెతికాను, దొరికింది కూడా. వింటాడనుకున్న శుక్రవారానికి ముందటి బుధవారం, ఇంట్లోనే, మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చుని పోయాడు.

దశదినాల నాడు, అదీ శుక్రవారమే, వాళ్ళ ఇంటి ముందు గుడ్డల పందిరి. కార్ఖానావాళ్ళంతా వచ్చారు. చిన్న సేటు కూడా వచ్చాడు, నిజంగానే బాధపడ్డాడు. చిన్నమ్మ ముందు కూర్చుని, ఏం కావాలన్నా చెప్పు చిన్నమ్మా, మొహమాటపడకు అన్నాడు. చావుల దగ్గర అందరం అనే మాటే. ఎవరూ ఏమీ అడగరన్న ధైర్యంతో అంటాం.

చిన్నమ్మ నా వంక చూసింది. ఆమె చూసిందో, నేను చూసేలా నిలబడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా సంచీలో మరణ నమోదు కాగితాలున్నాయి. ఇంట్లో పోయినవాళ్ళకు, తెలిసినవాళ్ళు ఇద్దరు మా వార్డు ఆఫీసుకు సాక్ష్యంగా జవాబు రాసివ్వాలి. ఎన్నేళ్ళుగా తెలుసు, ఏ రకంగా తెలుసు, ఏం పనిచేసేవాడు. మొదటిది నేను రాసేశాను. ఏ రకంగా తెలుసు అన్నచోట శుక్రవారాల రకంగా అని రాయబోయి, దుకాణానికి వచ్చేవాడని రాశాను. రెండోది ఖాళీగా పెట్టాను. సాక్షులకు కరువై కాదు, అక్కడ కూర్చున్న ప్రతివాడూ రాసేవాడే.

"సేట్, మీరొక దస్తకత్ జేస్తే సాలు" అని కాగితం ముందు పెట్టాను.

కలం తీశాడు. సంతకం దగ్గరికి పోబోతుంటే, పై గళ్ళు మీ చేతితోనే నింపాలన్నాను. చదివాడు. కలం గాలిలో ఆగింది. మగ్గాలు ఆగిన ఊళ్ళో ఆ కలం ఆగిన చప్పుడు కూడా నాకు వినబడినట్టే అనిపించింది.

"పడోసీ అని రాయనా?" అన్నాడు మెల్లగా, అంటే పక్కింటివాడని.

"పడోసీ అంటే పత్తా గలవాలె సేట్. మీ ఇల్లు ఠాణాల ఉండె. సుట్టమంటే ఏ వరస అని అడుగుతరు." నేను రోజూ ఫారాలు నింపేవాణ్ణి. నా విద్య మొత్తంలో ఇన్నేళ్ళకు పనికొచ్చిన భాగం ఇదే.

చిన్న సేటు చుట్టూ చూశాడు. మగ్గాలవాళ్ళంతా ఆయన పెదవులనే చూస్తున్నారు. వాళ్ళకది అలవాటు. చిన్నమ్మ కూడా చూస్తోంది. ఆమె వెనక గోడ మీద మిస్త్రీ దొర మీసాలు, పక్కన ఖాళీ జాగా. చిన్న సేటు తల వంచి, మరాఠీలో, బడిపిల్లవాడి గుండ్రటి అక్షరాలతో రాశాడు. పుట్టినప్పటినుంచీ తెలుసు. మా కార్ఖానాలో పనివాడు. జాబర్. రాసి సంతకం పెట్టి, ఒక క్షణం ఆగి, తేదీ కూడా వేశాడు. ఆ తేదీ నేను అడగలేదు. దానికి మాత్రం అతన్ని మెచ్చుకుంటాను.

కాగితం తీసుకుని ఆరేదాకా ఊదాను. తర్వాత ఎంతో వినయంగా అడిగాను.

"మీకొక జెరాక్స్ దియ్యాల్నా సేట్?"

వద్దన్నాడు.

అయినా మర్నాడు రెండు తీశాను. ఒకటి కార్ఖానా చిరునామాకు పంపించాను. రెండోది చిన్నమ్మకు ఇచ్చాను, మిస్త్రీ దొర పక్కన అంటించుకోవడానికి. మొదటిసారి మిషన్ ఎడమపక్క వేలెడంత మింగింది. చింపేసి మళ్ళీ తీశాను, నాలుగు అంచులూ పడేదాకా.